ముప్పై లెక్కపెట్టేంత చీకటి

తరలింపుకు 41 రోజులు

ఈరోజు పిల్లలు వానను కథల అరలోకి మార్చేశారు.

మా బడిలో ఉన్నవి ముప్పై ఒక్క పుస్తకాలు. అన్నీ పసివాళ్ళ బొమ్మల పుస్తకాలే, అన్నీ భూమి నుంచి వచ్చినవే. పై అరలో కథలు, కింది అరలో నిజాలు. వాన ఎలా కురుస్తుందో చెప్పే పుస్తకం ఇన్నేళ్ళూ కిందే ఉంది. పొద్దున నేను గోంగూర మడుల పని ముగించుకుని వచ్చేసరికి మేఘమాల దాన్ని తీసి పైన పెడుతోంది. దానికి ఐదేళ్ళు, రెండు జడలు, ప్రతిదానికీ ఒక తీర్పు.

"ఎందుకే అక్కడ పెట్టావ్?"

"ఆకాశంలోంచి నీళ్ళు పడతాయంటత్తా. ఎవరూ కుళాయి తిప్పకుండానే. కథ కాక మరేంటి?"

దాని వెనకే గేదె పుస్తకం కూడా పైకి వెళ్ళింది. చంద్రుడి మీద కుందేలు బట్టలు ఆరేసుకునే పుస్తకం మాత్రం కిందికి, నిజాల్లోకి దిగింది. చంద్రుడు నిజమే కదా, మనం ఉన్నది ఇక్కడే కదా అని మేఘమాల వాదన. మేఘమాల అని పేరు పెట్టుకుని మేఘమంటే ఏమిటో తెలియని పిల్లతో ఎక్కడని మొదలుపెట్టను?

మధ్యాహ్నం ఓబులేసు గారు బడికి వచ్చారు. మా గుహకు పెద్ద ఆయన. గాలి, నీళ్ళు, కరెంటు అన్నీ ఆయన చేతి మీదుగానే నడుస్తాయి. వచ్చి చిన్న పీట మీద కూర్చున్నారు. ఆయన పీట మీద కూర్చున్నారంటే వార్త పెద్దదన్నమాట.

"పైకప్పు పగులు ఆగేట్టు లేదమ్మా కుముదా. నలభై ఒక్క దినాల్లో అందరం కొత్త గుహకు పోవాల. పదకొండు కిలోమీటర్లు. మొదటి బండి నీ బడి బిడ్డలదే. తొమ్మిది మందికీ గాలి చొక్కాలు తొడిగి, బుడగలు పెట్టి కూచోబెట్టాల. గంటసేపు ఒక్కడు గూడా బుడగ తీయగూడదు. ఎట్ల నేర్పుతావో ఏమో."

"బండిలో గాలి ఉండదా?"

"ఉంటే ఈ బాధంతా యాల?"

బుడగ అంటే తలకు పెట్టుకునే గాజులాంటి తొడుగు. పిల్లలు లోపల ఇరుక్కుపోతారేమోనని, దాని కొక్కెం మూడేళ్ళవాడు కూడా తీయగలిగేలా చేశారు అప్పట్లో. ఆ కొక్కెం చొక్కాతో కలిపి పోత పోసింది, ఇప్పుడు మార్చడానికి వీల్లేదట. ఆ మంచి ఆలోచనే మా ప్రాణం మీదికి వచ్చింది.

తరలింపుకు 38 రోజులు

మొదటి కసరత్తు. ఒక్కరు కూడా రెండు నిమిషాలు దాటలేదు.

బుడగ పెట్టగానే తన ఊపిరి తనకే పెద్దగా వినబడుతుంది. అది పిల్లలకు పడలేదు. అందరికంటే చిన్నవాడు కొమురయ్య. మూడేళ్ళ బుడతడికి ముత్తాత పేరు పెట్టారు. వాడు "ఎవలో ఉన్నరు! ఇండ్ల ఎవలో ఉన్నరు!" అని అరిచి, కొక్కెం లాగి, బుడగను పైకి విసిరేశాడు. ఇక్కడ ఏదీ గబుక్కున కిందపడదు. అది తాపీగా పైకప్పు దాకా వెళ్ళి, అంతే తాపీగా వచ్చి నా నెత్తిమీద దిగింది. ఆ ఒక్క నిమిషం అందరూ నవ్వారు. తర్వాత మళ్ళీ ఏడుపే.

తెర మీద వీడియో చూపిద్దామన్నారు ఓబులేసు గారు. నాకు అనుమానంగానే ఉంది, సరేనన్నాను. తెర వెలగగానే తొమ్మిది మందీ గోడవైపు తిరిగి, తలల మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయారు. మా గుహలో తెర వెలిగేది ప్రమాద హెచ్చరికకే. పుట్టినప్పటి నుంచీ అలాగే నేర్పాం. ఎంత చక్కగా నేర్పామో అంత చక్కగా కూర్చున్నారు.

"ఇంక కాగితమే దిక్కు," అన్నాను.

"కాగితమా! ఎవురు గీస్తారు?"

నేనే అని చెప్పేశాను. నేను చివరిసారి బొమ్మ గీసింది పెళ్ళి కాకముందు.

తరలింపుకు 34 రోజులు

కాగితం తయారైంది. గోంగూర ఆకు పచ్చడికి పోగా మిగిలిన కాడల్లోంచి నార తీసి, నానబెట్టి, దంచి, అట్టలా ఆరబెట్టాను. కొంచెం గరుకు. కొంచెం పచ్చడి వాసన కూడా వేస్తోంది, పిల్లలకేం అభ్యంతరం ఉండదు. రంగులు: బీట్‌రూట్ ఎరుపు, పసుపు, పాలకూర పచ్చ. నలుపుకు గాలి వడపోత జల్లెడల్లోంచి తీసిపారేసే బొగ్గుపొడి. కలపడానికి బెండకాయ జిగురు. నీలం లేదు. నీలంతో గీయాల్సినవి కూడా ఇక్కడ పెద్దగా లేవు.

తరలింపుకు 30 రోజులు

మొదటి పుస్తకం చదివాను. చాలా జాగ్రత్తగా చేశాను దాన్ని. గాలి చొక్కాలో ఏ భాగం ఎక్కడుందో గీతలు గీసి పేర్లు రాశాను. గాలిసంచి, గొట్టం, మెడపట్టీ, కొక్కెం. ఒక్క తప్పు లేదు.

నాలుగో పేజీకి ఇద్దరు నిద్రపోయారు. మేఘమాల బొమ్మలోని పిల్లను చాలాసేపు చూసి, "ఈ పిల్ల వాళ్ళమ్మ ఏది?" అంది.

"ఇది చొక్కా గురించిన పుస్తకం కదా."

"అమ్మ లేకుండా చొక్కా ఎవరు తొడిగారు?"

నేను గీసిన పిల్లకు ముఖం కూడా సరిగ్గా లేదని అప్పుడే గమనించాను. చొక్కా మీద పెట్టిన శ్రద్ధలో సగం దాని మీద పెట్టలేదు.

తరలింపుకు 26 రోజులు

రెండో పుస్తకం పండింది!

ఈసారి నిజాలు పక్కన పెట్టి కథే రాశాను. ఒక కుందేలు. వాళ్ళమ్మ దానికి గాలి చొక్కా తొడుగుతుంది, బుడగ పెడుతుంది. అది బండెక్కి కొత్త గుహకు వెళ్ళి క్యారట్లు తింటుంది. పిల్లలు నాలుగుసార్లు చదివించుకున్నారు. ఐదోసారి నేను నోరు తెరవకముందే వాళ్ళే చెప్పేశారు. కొమురయ్య "హుస్స్ హుస్స్" అని కుందేలులా ఊపిరి పీలుస్తూ బడంతా తిరిగాడు. పన్నెండు నిమిషాలు బుడగ పెట్టుకున్నాడు, తనంతట తనే.

రాసిన మనిషికి పొగరు రావడానికి ఇంతకంటే ఏం కావాలి? భోజనాల దగ్గర అందరికీ చెప్పుకున్నాను. రెండోసారి వడ్డించుకుని మరీ చెప్పుకున్నాను.

తరలింపుకు 24 రోజులు

ఈ రోజు జరిగింది రాయడానికి చేయి రావడం లేదు. అయినా రాయాలి.

గాలి తీసేసిన గదిలో కసరత్తు చేయాలి. నిజం ప్రయాణంలా. ముందు పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి, మెడపట్టీలు తడిమి చూశాను. అన్నీ బిగుసుకున్నాయి. గాలి తీయమని చేయి ఊపడానికి గుమ్మం వైపు తిరిగాను. ఆ తిరిగిన కాస్త సమయంలోనే వెనక ఈల వినబడింది. గాలి కారుతోందని ఎవరిదో మెడపట్టీ ఎర్రగా వెలుగుతోంది.

మేఘమాలది. తన రెండు జడలనూ మెడపట్టీ సందులోంచి బయటికి లాగి, చెరోవైపు నిలబెట్టుకుని కూర్చుంది. బుడగలోంచి నన్ను చూసి నవ్వుతోంది.

పరుగెత్తి బుడగ తీశాను. "ఏం చేశావే? ఎందుకు తీశావే జడలు?" గట్టిగానే అరిచాను.

దాని నవ్వు పోయింది. "కుందేలుకు చెవులు బయటే ఉన్నాయిగా," అంది.

పుస్తకం తెచ్చి చూశాను. ఉన్నాయి. బుడగ పైనుంచి రెండు చెవులూ నిటారుగా పైకి. బుడగలో పట్టించలేక, ముద్దుగా ఉంటుందని, నేనే అలా గీశాను. ప్రతి పేజీలోనూ.

గాలి తీయడానికి గుమ్మం దగ్గర మనిషి పిడి మీద చేయి వేసే ఉన్నాడు. నేను చేయి ఊపి ఉంటే?

మేఘమాల ఏడవలేదు. నేను ఏడ్చాను. "నీ తప్పు కాదమ్మా, నేనే తప్పు గీశాను," అన్నాను. అది పుస్తకం నా ముందుకు తోసి, "చెవులు చెరిపెయ్యి మరి," అంది.

తరలింపుకు 22 రోజులు

పుస్తకాల జోలికి ఇక వెళ్ళకూడదనుకున్నాను. గోంగూర మడి దగ్గర కూర్చుని కలుపు లేని చోట కలుపు తీస్తుంటే పైడితల్లి వచ్చింది. కొత్త గుహకు సామాన్లు మోసే బండి నడిపేది ఆవిడే. రోజూ రెండు తిరుగుళ్ళు.

"ఏటమ్మా అలా కూకుండిపోనావు?"

చెప్పాను. చెవుల సంగతీ, జడల సంగతీ, అంతా. ఆవిడ జాలిపడుతుందనుకున్నాను.

"నువ్వా దారి సూసావేటి ఎప్పుడైనా?"

"లేదు."

"ఆ బండెక్కావేటి?"

"లేదు."

"మరి సూడకుండా బొమ్మలెలా గీసేత్తన్నావు? రేపు నాతో రా. పిల్లల సీట్లో కూకో. ఆళ్ళేటి సూత్తారో నువ్వూ సూడు."

తరలింపుకు 21 రోజులు

వెళ్ళొచ్చాను.

పిల్లల సీటులో పట్టడానికి మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకోవాల్సి వచ్చింది. అక్కడి నుంచి ముందుకు చూస్తే దారి కనబడదు. పైడితల్లి వీపు కనబడుతుంది. ఆవిడ చొక్కా మీద అతుకు ఒకటి, మామిడిపిందె ఆకారంలో. కిటికీలోంచి నేల కూడా కనబడదు, కొండల అంచులు మాత్రమే. బండి ఎడమవైపు తిరిగినప్పుడల్లా సీటు కింద ఏదో టకటకమంటుంది. ఇవేవీ నా రెండు పుస్తకాల్లోనూ లేవు.

చివర్లో బండి కొత్త గుహ ద్వారంలోకి వెళ్ళి ఆగింది. వెనక తలుపు మూసుకుంది. అప్పుడు దీపాలన్నీ ఆరిపోయాయి.

నేను కెవ్వుమన్నాను.

"ఏటీ నేదు, ఏటీ నేదు," అంది పైడితల్లి గొంతు నా బుడగలో. "ఈ గదిలోకి గాలి కొడతన్నారు. కరెంటంతా పంపుకే పోద్ది. ముప్పై లెక్కెట్టు, వొచ్చేత్తాది."

లెక్కపెట్టాను. సీటు కింద నేలలోంచి పంపు గుర్రుమంటోంది. నా చేయి నాకు కనబడలేదు. ముప్పై దగ్గర దీపాలు వచ్చాయి.

మా గుహలో దీపాలు ఎప్పుడూ ఆర్పరు. పడుకునేటప్పుడు కూడా తగ్గిస్తారంతే. పిల్లలు తొమ్మిది మందీ పుట్టాక ఒక్కసారి కూడా చీకటి చూడలేదు. చీకటి అన్న మాటే మా బడిలో ఎప్పుడూ వాడలేదని తిరుగు ప్రయాణంలో గుర్తొచ్చింది. మొదటిసారి చూడబోయేది ఒక గాలిలేని గదిలో. చేతికందే కొక్కేలతో.

తరలింపుకు 17 రోజులు

మూడో పుస్తకం పూర్తయింది. ఇందులో కుందేలు లేదు. బొమ్మలో గీసిన పిల్లా లేదు. చూసేవాళ్ళే పిల్లలు.

మొదటి పేజీలో చొక్కా తొడిగే అమ్మల చేతులు. రెండో పేజీలో రెండు జడలు, వాటిని బుడగ లోపలికి దోపుతున్న వేళ్ళు. మూడో పేజీలో ఖాళీ బుడగ, దాని మీద ఊపిరి ఆవిరి. "హుస్స్ అంటుంది. అది ఎవరో కాదు, నువ్వే." తర్వాత పైడితల్లి వీపు, మామిడిపిందె అతుకుతో సహా. టకటకమనే సీటు. కొండల అంచులు. తలుపు మూసుకోవడం.

ఆ తర్వాత నల్ల పేజీ.

బొగ్గుపొడి మూడు పూతలు పూశాను. ఒక మూల ఆరకముందే బొటనవేలు తగిలి ముద్ర పడింది, వదిలేశాను. పక్క పేజీలో మూడే ముక్కలు. "ఇది చీకటి. పంపు గాలి పోస్తోంది. ముప్పై లెక్కపెట్టి పేజీ తిప్పుదాం." తిప్పితే దీపాలు, కొత్త గుహ.

తరలింపుకు 16 రోజులు

ఓబులేసు గారు పుస్తకం చూశారు. మొదటి పేజీలన్నింటికీ తలూపారు. నల్ల పేజీ దగ్గర ఆగిపోయారు.

"ఏందమ్మా ఇది?"

"చీకటండి."

"తీసెయ్."

"ఎందుకండీ?"

"బిడ్డలు జడుసుకుంటారు. వాళ్ళకు తెలీనిదాన్ని చూపిచ్చి మరీ భయపెట్టేదెందుకు? ముప్పై అంకెలు. అంతే గదా. కండ్లు మూసి తెరిసేలోపల అయిపోతాది."

"నాకు నలభై మూడేళ్ళండి. కెవ్వుమన్నాను."

ఆయన నవ్వలేదు. పన్నెండేళ్ళ కిందట, నేనింకా ఇక్కడికి రాకముందు, ఒకసారి ఈ గుహలో కరెంటు పోయిందట. పది నిమిషాలు. జనం ఒకరి మీద ఒకరు పడ్డారు, ఆయన భార్య చేయి విరిగింది. దీపాలు ఎప్పుడూ ఆర్పకూడదన్న నియమం పెట్టింది ఆ మర్నాడే. ఈ సంగతి నాకు ఇంతవరకూ తెలియదు.

"చీకట్లో మనుషులు ఏమైతారో నేను చూసినా. నువ్వు చూడలా," అన్నారు.

"అందుకేనండి. వాళ్ళకెవరూ ముందు చెప్పలేదు."

ఆయన పుస్తకం మూసి నాకు తిరిగిచ్చారు. చివరికి నేనే అన్నాను, "మీరే వచ్చి ఒకసారి చదవండి పిల్లలకు. వాళ్ళు జడుసుకుంటే ఆ పేజీ మీ ఎదుటే చింపేస్తాను."

తరలింపుకు 6 రోజులు

నిన్నటి లెక్క ప్రకారం పదిహేను అని రాయాలి. పొద్దున పైకప్పు పగులు జానెడు పెరిగింది. ఆరు రోజుల్లో బయల్దేరాలి.

అంత హడావిడిలోనూ ఓబులేసు గారు మాట తప్పలేదు. దుమ్ము కొట్టుకున్న చేతులతోనే వచ్చి పీట మీద కూర్చున్నారు. పిల్లలు చుట్టూ మూగారు. ఆయన చదవడం బాగానే చదివారు. "హుస్స్" దగ్గర బుగ్గలు పూరించి మరీ అన్నారు. పైడితల్లి వీపు చూసి పిల్లలు పడీపడీ నవ్వారు.

తలుపు మూసుకునే పేజీ అయ్యాక, ఆయన రెండు కాగితాలు కలిపి పట్టుకుని ఒకేసారి తిప్పేశారు. నేను చూశాను.

"తాతా! ఒక పేజీ దాటేశావ్!" అంది మేఘమాల.

"లేదమ్మా, అతుక్కున్యాది."

"అతుక్కోలేదు. నువ్వే రెండు తిప్పావ్. మళ్ళీ తిప్పు."

ఆయన నావైపు చూశారు. తర్వాత మెల్లగా వెనక్కి తిప్పారు. నల్ల పేజీ తెరుచుకుంది.

ఒక పిల్ల నోట్లో వేలు పెట్టుకుంది. ఓబులేసు గారు పేజీ అంచును వదలకుండా పట్టుకున్నారు. కొమురయ్య లేచి దగ్గరికి వచ్చాడు. అరచేయి నల్లదనం మీద పెట్టాడు. తీసి చూసుకున్నాడు. అరచేతికి కాస్త నలుపు అంటింది.

"తాతా, గిండ్ల ఎవలున్నరు?"

ఓబులేసు గారు వాడి అరచేయి తుడిచారు. "మనమే నాయనా," అన్నారు. "అందరం ఆణ్నే ఉండాము. కనపడం, అంతే."

అంతే, తొమ్మిది చేతులూ పేజీ మీదికి వచ్చాయి. నా బొటనవేలి ముద్ర ఎవరికో దొరికింది. "అత్త ఇక్కడుంది!" అని గోల. తర్వాత లెక్కపెట్టారు. కొమురయ్యకు అంకెలు ఐదు దాకే వచ్చు, ఐదు కాగానే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతున్నాడు. ముప్పై దగ్గర ఆయన పేజీ తిప్పితే గుహ దద్దరిల్లేలా అరిచారు.

పోతూ పోతూ గుమ్మం దగ్గర నాతో అన్నారు, "ఉండనీ." ఆయన వేళ్ళు కూడా నల్లగా ఉన్నాయి.

తరలింపుకు 1 రోజు

ఈ ఐదు రోజుల్లో ఆ పుస్తకం అరవై సార్లయినా చదివి ఉంటాను. కట్టు తెగితే రెండుసార్లు కుట్టాను. నిన్న గాలి తీసేసిన గదిలో కసరత్తు. యాభై నిమిషాలు. ఒక్క మెడపట్టీ కూడా ఎర్రబడలేదు. మేఘమాల తన జడలు లోపలికి దోపుకుని, పక్కవాళ్ళవి కూడా దోపింది, జడలు లేనివాళ్ళవి కూడా వెతికింది.

తరలింపు రోజు

కొత్త గుహలో, ఒక గోనెసంచి మీద కూర్చుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పిల్లలు తొమ్మిది మంది, నేను, ముందు పైడితల్లి. దారంతా పండగే. బండి కదలగానే "మామిడిపిందె!" అని అరుపు. ఎడమ మలుపులో సీటు టకటకమంటే "వచ్చింది, వచ్చింది!" అని చప్పట్లు. పైడితల్లి కావాలనే ఇంకో మలుపు కొట్టిందని నాకు అనుమానం.

ద్వారంలోకి వెళ్ళాం. తలుపు మూసుకుంది. దీపాలు ఆరాయి. అందరం లెక్కపెట్టడం మొదలుపెట్టాం. పంపు గుర్రుమంటోంది. పద్దెనిమిది, పంతొమ్మిది. ఇరవై ఒకటి దగ్గర ఆ గుర్రుమనడం ఆగిపోయింది.

ముప్పై వచ్చింది. దీపాలు రాలేదు.

పెద్దవాళ్ళ బుడగల్లో మాత్రమే వినబడేలా పైడితల్లి గొంతు వచ్చింది. "కుముదా, పంపు ఆగిపోనాది. ఎంతసేపో తెల్దు. పిల్లల్ని సూసుకో. ఎవులూ బుడగ ముట్టకుండా సూసుకో."

ఎలా చూసుకోను? నా చేయే నాకు కనబడటం లేదు. తొమ్మిది బుడగలు, తొమ్మిది కొక్కేలు, చుట్టూ ఊపిరికి చాలని గాలి. పిల్లలతో ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. మాట రాలేదు. పుస్తకం ముప్పై దగ్గర అయిపోయింది. ఆ తర్వాత ఏముంటుందో నేను రాయలేదు. రాయనిది నాకే తెలియదు.

ఎవరో వెక్కడం మొదలుపెట్టారు. కొమురయ్య అనుకుంటాను. "అయిపోయింది గదా... అయిపోయింది గదా..." అంటున్నాడు.

అప్పుడు మేఘమాల గొంతు వినబడింది. విసుగ్గా, నేను కాగితాలు పారేసుకున్నప్పుడు నా మీద విసుక్కునే గొంతుతో.

"అయిపోలేదు కొమురయ్యా. పేజీ ఎవరూ తిప్పలేదు, అంతే. మళ్ళీ లెక్కపెట్టు. ఒకటి."

"రెండు," అన్నారు ఇద్దరు ముగ్గురు.

నాలుగు దగ్గర నా గొంతు నాకు దొరికింది. నేనూ కలిశాను. రెండోసారి ముప్పై అయింది. "ఇంకా తిప్పలేదు," అంది మేఘమాల. మళ్ళీ ఒకటి. మూడోసారి మధ్యలో ఎవరో ఏడు మరిచిపోతే గొడవైంది, వెనక్కి వెళ్ళి ఏడు పెట్టుకుని వచ్చారు. నాలుగోసారి పదకొండు దగ్గర సీటు కింద పంపు ఒకసారి దగ్గి, మళ్ళీ గుర్రుమంది. ఎవరూ లెక్క ఆపలేదు. ముప్పై దాటి ఒక అంకె కూడా వేయకుండా ఆగారు. సరిగ్గా అప్పుడు కాదు, ఇంకో రెండు క్షణాలకు, దీపాలు వచ్చాయి.

తొమ్మిది బుడగలు. తొమ్మిదీ తలల మీదే ఉన్నాయి. కొమురయ్య ముఖమంతా కన్నీళ్ళు, ముక్కు కారుతోంది, తన రెండు చేతులనూ తనే తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. అలా ఎవరు చెప్పారురా అని తర్వాత అడిగాను. "చేతులు తియ్యబోయినయ్, నేనే కూసున్న," అన్నాడు.

పైడితల్లి బుడగ తీసి మొదట వాణ్ణే ఎత్తుకుంది. "నా తండ్రే, నా నాయనే," అంటూ ముద్దులు పెడుతుంటే వాడు ఆవిడ వీపు మీది అతుకు కోసం చేయి చాపుతున్నాడు.

కొత్త గుహలో మూడో రోజు

అందరూ వచ్చేశారు. చివరి బండిలో ఓబులేసు గారు. పంపులో ఇసుక ఇరుక్కుందట, బాగుచేసి పెట్టారు. పెద్దవాళ్ళు మాత్రం ద్వారంలో తెగ కేకలు పెట్టుకున్నారని పైడితల్లి చెప్పింది. పేర్లు కూడా చెప్పింది. ఇక్కడ రాయను.

అన్నం గిన్నెలు ఇంకా మూటల్లోనే ఉన్నాయి. అయినా పిల్లలు పుస్తకం చదవమన్నారు. వచ్చేశాం కదా, ఇంకెందుకు అన్నాను. నన్ను వింతగా చూశారు. చదివాను. నల్ల పేజీ దగ్గర మేఘమాల ఆపింది.

"అత్తా, ఇది తప్పు రాశావ్."

మళ్ళీ ఏం గీశానో అని పేజీ దగ్గరికి లాక్కుని చూశాను. "ఏం తప్పే?"

"ఒకటే ఉంది. మనకు నాలుగు వచ్చాయి."

తొమ్మిది మందీ తలలూపారు. నిజమే. నాలుగు వచ్చాయి.

కొత్త గుహలో ఐదో రోజు

కాగితం ఉంది, బొగ్గు లేదు. ఇక్కడి జల్లెడలు కొత్తవి, వాటిలో ఇంకా ఏమీ పట్టలేదు. ఏం చేయాలా అనుకుంటుంటే ఓబులేసు గారు ఒక డబ్బా పట్టుకుని వచ్చారు. పాత గుహలో చివరి జల్లెడ దులిపి తెచ్చానన్నారు. ఎవరు చెప్పారో ఆయనకు.

"ఎన్ని పేజీలు పుయ్యాల?"

"మూడండి."

"ఇట్లా తే. నాకు చేతకాదనుకుంటివా?"

పీట మీద కూర్చుని మూడు కాగితాలకూ ఆయనే పూశారు, అంచుల దాకా, ఎక్కడా తెలుపు మిగలకుండా. ఆరాక నేను కుట్టాను.

మధ్యాహ్నం చదివాం. మొదటి నల్ల పేజీ, ముప్పై. రెండోది, ముప్పై. మూడో పేజీలో ఏడు మరిచిపోయే చోట అందరూ కావాలని మరిచిపోయి, వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నారు. ఓబులేసు గారు కూడా లెక్కపెట్టారు. నాలుగో పేజీకి గదిలో చప్పుడే లేదు, అంకెలు గుసగుసల్లోకి దిగిపోయాయి. ఇరవై తొమ్మిది. ముప్పై.

తిప్పబోయాను. కొమురయ్య నా ఒళ్ళోకి ఎక్కి, రెండు అరచేతులూ ఆ నల్ల పేజీ మీద బోర్లించి, గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

"ఆగత్తా," అన్నాడు. "ఇంకింత సేపు."